ఇంట్లోకి అక్క, వీధిలోకి చెల్లి

మన ఇళ్ళలో చొక్కా బతుకు ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. కొత్తలో పెళ్ళిళ్ళకి వెళుతుంది. రంగు కాస్త తగ్గాక ఆఫీసుకి. కాలరు నలిగాక బజారుకి. చంక దగ్గర కుట్టు వదిలాక ఇంట్లోకి. ఆఖరికి స్కూటరు తుడిచే గుడ్డ అవుతుంది. ఆడవాళ్ళ చుడీదార్లదీ ఇదే దారి. ఇంట్లో కట్టుకోవడానికని ప్రత్యేకంగా డబ్బు పెట్టి కొన్నవి చాలాకాలం మూడే. మగవాళ్ళకి లుంగీ, బనీను. ఆడవాళ్ళకి నైటీ.

ఇప్పుడా లెక్క మారింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం సంగతి సరే, ఓ మోస్తరు జిల్లా కేంద్రంలో కూడా బట్టల షోరూములో ఇంటి దుస్తులకి విడిగా ఒక వరస కనిపిస్తోంది. పైన లౌంజ్‌వేర్ అని బోర్డు. మెత్తటి పైజమాలు, ట్రాక్ ప్యాంట్లు, వదులు టీషర్టులు, పైనా కిందా ఒకే గుడ్డతో కుట్టిన కో-ఆర్డ్ సెట్లు. పక్క వరసలో వీధిలోకి వేసుకునే క్యాజువల్స్. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. పైగా రెండు వీధుల అవతల ఇంకో దుకాణం, ఇలాంటివే, ధర సగం. ఆరా తీస్తే రెండు దుకాణాలూ ఒకే కంపెనీవి. మరి ఏది ఎక్కడ కొనాలి? ఇవాళ్టి ప్రసంగం దాని గురించే. ముందే చెబుతున్నాను, నాకు ఏ కంపెనీతోనూ చుట్టరికం లేదు.

టాటాల ట్రెంట్ సంస్థనే తీసుకుందాం. మన ఊళ్ళలో ఎక్కువమంది ఎరిగిన అక్కచెల్లెళ్ళ లాంటి దుకాణాలు వాళ్ళవే. సైమన్ టాటా గారు స్విట్జర్లాండులో పుట్టి టాటాల ఇంటికి కోడలిగా వచ్చారు. లాక్మే సౌందర్య సాధనాల్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. 1998లో లాక్మేని హిందుస్థాన్ లీవర్‌కి అమ్మేశాక, ఆ సొమ్ముతో బట్టల వ్యాపారంలోకి దిగారు. బెంగళూరులో లిటిల్‌వుడ్స్ అనే బ్రిటిష్ సంస్థ దుకాణాన్ని కొని, దానికి వెస్ట్‌సైడ్ అని పేరు పెట్టారు. అది అక్క. చెల్లెలు జూడియో 2016లో వచ్చింది. వయసులో చిన్నదైనా సంఖ్యలో అక్కని ఎప్పుడో దాటేసింది. 2025 మార్చి నాటికి వెస్ట్‌సైడ్ దుకాణాలు 248 అయితే జూడియోలు 765.

వెస్ట్‌సైడ్‌లో అమ్మేవన్నీ దాదాపుగా వాళ్ళ సొంత పేర్లవే. కుర్రకారు బట్టలకి నువాన్, మన తరహా కుర్తీలకి ఉత్స, వ్యాయామం బట్టలకి స్టూడియోఫిట్, ఆడవాళ్ళ లోదుస్తులకీ రాత్రి దుస్తులకీ వండర్‌లవ్. ఇలా ఒక్కో అవసరానికి ఒక్కో పేరు. జూడియోలో అంత విభజన లేదు. బట్టల్లో ఎక్కువ భాగం వెయ్యి రూపాయల లోపే. టీవీలో, పేపర్లో ప్రకటనలు పెద్దగా ఉండవు. ఆన్‌లైన్లో అమ్మరు. ఇంటికి పంపే ఖర్చూ లేదు, నచ్చలేదని తిప్పి పంపితే మోసుకొచ్చే ఖర్చూ లేదు. అగ్గువగా ఇవ్వగలగడానికి ఇవీ కారణాలే. అగ్గువ అంటే గుడ్డ నాసిరకమేనని తీర్మానించెయ్యకూడదు. అలాగని అక్క గుడ్డే చెల్లెలి దగ్గర సగం ధరకి దొరుకుతుందని మురిసిపోనూ కూడదు.

వెయ్యి రూపాయలంటే గుర్తొచ్చింది. ఏ దుకాణానికి వెళ్ళినా 999 అనే అంకె ఎందుకంత ఎక్కువగా కనబడేదో గమనించారా? ఒక రూపాయి తగ్గించి మనల్ని మభ్యపెట్టడం ఎలాగూ ఉంది. కానీ జీఎస్టీ వచ్చిన 2017 నుంచి వెయ్యి రూపాయల దాకా ఉన్న దుస్తులకి 5 శాతం పన్ను, అది దాటితే 12 శాతం. గీత దాటించడం ఎవరికి ఇష్టం? 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత 2,500కి జరిగింది. దాని లోపలైతే 5 శాతం, పైనైతే 18. కాబట్టి ఇప్పుడు 1,200 రూపాయల పైజమాకి కూడా పన్ను 5 శాతమే. అక్క దుకాణంలో ఇంటి దుస్తులు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక అసలు విషయం, గుడ్డ. ఒకే కంపెనీ కదా, ఒకే మిల్లు గుడ్డకి రెండు చీటీలు తగిలించి అమ్ముతారని చాలామంది అనుకుంటారు. బట్టల కంపెనీలు చాలావాటికి సొంత ఫ్యాక్టరీలు ఉండవు. తిరుప్పూరు లాంటి చోట కుట్టించుకుంటాయి. అక్కడ ఒకే యూనిట్లో నాలుగు బ్రాండ్ల టీషర్టులు కుట్టడం మామూలే. కానీ ఆర్డరుతో పాటు ఒక పత్రం వస్తుంది. గుడ్డ బరువెంత, నూలు ఎలాంటిది, అంగుళానికి కుట్లు ఎన్ని, మెడపట్టీ ఎలా ఉండాలి, రంగు ఎన్ని ఉతుకులకి ఆగాలి, అన్నీ అందులో ఉంటాయి. చెయ్యి అదే, మిషను అదే, పత్రం వేరు. అక్కకీ చెల్లెలికీ తేడా పుట్టేది ఆ పత్రంలో.

ఆ పత్రం మనకి చూపించరు. కానీ గుడ్డని చదవడం కష్టమేమీ కాదు. టీషర్టు గుడ్డ బరువుని జీఎస్ఎం అంటారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందీ అని. 140, 150 ఉంటే పల్చన. లోపలి బనీను గీతలు కనబడతాయి. 180 నుంచి 200 దాకా ఉంటే నిలబడే టీషర్టు. ఇప్పటి పిల్లలు భుజాలు జారేట్టు వేసుకునే ఓవర్‌సైజ్ టీషర్టులు 220, 240 కూడా ఉంటాయి. కొన్ని బ్రాండ్లు ఈ అంకె చీటీ మీదే వేస్తున్నాయి. వెయ్యకపోతే అరచెయ్యి లోపల పెట్టి వెలుతురుకి చూడండి. వేళ్ళు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అది వేసవికి ఇంట్లో పనికొస్తుంది గానీ, బయటికి ఇబ్బంది.

బరువొక్కటే చాలదు. కోంబ్డ్ కాటన్ అని ఉంటే, దువ్వి పొట్టి పోగులు తీసేసిన నూలు అన్నమాట. దాని మీద నూగు తక్కువ, మెత్తదనం ఎక్కువ, ఉండలు ఆలస్యంగా కడతాయి. మోడల్ అని ఇంకొకటి ఈమధ్య రాత్రి దుస్తుల్లో బాగా వస్తోంది. ఎక్కువగా బీచ్ చెట్టు కలప గుజ్జు నుంచి తీసే పోగు. ఒంటి మీద జారుతున్నట్టు ఉంటుంది. ఎన్ని ఉతుకులైనా బిరుసెక్కదు. కాటన్ పాలియెస్టర్ కలిపినది త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. కానీ ఉండలు కట్టాయంటే ఓ పట్టాన ఊడవు. పాలియెస్టర్ పోగు గట్టిది, తెగి రాలిపోదు, ఉండని పట్టుకునే ఉంటుంది. పైగా మచిలీపట్నం, కాకినాడ లాంటి చోట చెమట మీద పాలియెస్టర్ వేసుకుని మధ్యాహ్నం పడుకోవడం ఎవరి వల్లా కాదు. స్పాండెక్స్, ఎలాస్టేన్ అని 5 శాతం ఉంటే భయపడకండి. మోకాళ్ళ దగ్గర ప్యాంటు సాగి ఉబ్బిపోకుండా కాపాడేది అదే. దాన్ని మాత్రం వేడి ఇస్త్రీకి, వేణ్ణీళ్ళకి దూరంగా ఉంచాలి.

ఇంకో చిన్న పరీక్ష. టీషర్టు రెండు భుజాలూ పట్టుకుని నిలువుగా వేలాడదీయండి. పక్క కుట్లు తిన్నగా కిందికి దిగాలి. ఒకటి పొట్ట వైపుకి తిరుగుతోందా, అది కుట్టులో లోపం కాదు, గుడ్డలో మెలి. నూలు వడికినప్పుడు పడిన మెలిక సరిగా నిలవకపోతే అల్లిన గుడ్డ పక్కకి ఒరుగుతుంది. నాలుగు ఉతుకులు పడేసరికి కుట్టు బొడ్డు దగ్గరికి వస్తుంది. అక్క దగ్గర కొన్నా చెల్లెలి దగ్గర కొన్నా, దీన్ని మాత్రం కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళకముందే చూసుకోవాలి. ట్రాక్ ప్యాంటయితే నడుము ఎలాస్టిక్ చూడండి. గుడ్డతో కలిపి మూడు నాలుగు వరసలు కుట్టినదయితే మెలితిరగదు. గొట్టంలో ఊరికే దూర్చినదయితే తాడులా చుట్టుకుని నడుముని కోస్తుంది. నాడా కూడా ఉంటే మరీ మంచిది. ఆడవాళ్ళ పైజమాకి జేబు ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ఫోను ఎక్కడ పెట్టుకోవాలని ఈ బట్టలు గీసేవాళ్ళ ఉద్దేశమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక నా మాటకొస్తాను. మనలో చాలామంది చేసేది ఏమిటంటే, బయటికి వేసుకునేది అక్క దగ్గర కొంటారు, ఇంట్లోకి కదా అని చెల్లెలి దగ్గర సరిపెడతారు. నా సలహా దీనికి సరిగ్గా తలకిందులు. ఇంటి దుస్తులకే ఎక్కువ పెట్టండి. బయటి సరదా బట్టలకి తక్కువ పెట్టండి.

లెక్క చూడండి. 1,500 పెట్టి కొన్న పువ్వుల చొక్కా నెలకి రెండుసార్లు వేసుకున్నారనుకుందాం. ఏడాదికి 24 సార్లు. సారికి 60 రూపాయల పైమాట. ఈలోగా పువ్వుల చొక్కాల మోజు తీరిపోయి గళ్ళ చొక్కాలు వస్తాయి. అదే 1,200 పెట్టి కొన్న మంచి పైజమా రోజు విడిచి రోజు వేసుకుంటే ఏడాదికి 180 సార్లు. సారికి 7 రూపాయలు కూడా పడదు. మోజుతో దానికి పనే లేదు, ఎవరూ చూడరు. మరి ఎక్కువ ఉతుకులు పడేది దేనికి? ఎక్కువ గంటలు ఒంటిని తాకేది ఏది? పడుకునేది, లేచేది, వంట చేసేది, ఇల్లు ఊడ్చేది, పిల్లల్ని చదివించేది అందులోనే. ఉతుకులకి ఆగాల్సిన గుడ్డ ఇంట్లోకే కావాలి. ఈ ఏడాది వేసుకుని వచ్చే ఏడాది మరిచిపోయే గుడ్డకి అంత బలం అక్కర్లేదు. జూడియో లాంటి చెల్లెలు రాణించేది అక్కడే. కాలేజీకి వెళ్ళే అమ్మాయి నాలుగు కొత్త టాపులు అడిగితే చెల్లెలి దగ్గరికే తీసుకెళ్ళండి. ఏటా రెండంగుళాలు పెరిగే పిల్లాడికీ అంతే. వాడి పైజమా చిరిగేలోపు పొట్టిదైపోతుంది.

అయితే ఇల్లు ఎక్కడ ఆగి వీధి ఎక్కడ మొదలవుతుంది? మన దగ్గర ఇది తేలిక ప్రశ్న కాదు. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు దగ్గర తోకలపల్లి అనే ఊళ్ళో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆడవాళ్ళు నైటీ వేసుకోకూడదని. వేసుకుంటే 2,000 రూపాయల జరిమానా, పట్టించిన వాళ్ళకి 1,000 బహుమానం. దేశమంతా పత్రికల్లో వచ్చింది. అధికారులు వెళ్ళి ఇలాంటి కట్టుబాట్లు చెల్లవని చెప్పాల్సి వచ్చింది. అదే ఊళ్ళో మగవాళ్ళు లుంగీ మోకాళ్ళ పైకి మడిచి సెంటర్లో నిలబడితే జరిమానా ఉందని మాత్రం ఎక్కడా చదవలేదు. నైటీ మీద తువ్వాలో చున్నీయో కప్పుకుని కూరగాయల బండి దగ్గరికి వెళ్ళే మన ఆడవాళ్ళు ఆ గీతని ఏనాడో తెలివిగా దాటారు. ఇప్పుడు కో-ఆర్డ్ సెట్ వచ్చి ఆ తువ్వాలు అవసరం కూడా తీర్చేసింది. పాల ప్యాకెట్టుకీ, అపార్ట్‌మెంటు మీటింగుకీ, పిల్లాడి బస్సు దగ్గరికీ అదే వేషం. 2020 లాక్‌డౌన్లో ఇల్లే ఆఫీసైనప్పటి నుంచి మగవాళ్ళదీ అదే వరస. పైన కెమెరాకి కాలరు, కింద ట్రాక్ ప్యాంటు.

ఇలా రెండు చోట్లా తిరిగే బట్టలు కొనేటప్పుడు నేను గుడ్డ విషయంలో ఇంటి లెక్కనే పాటిస్తాను. అక్క దగ్గరే కొంటాను. రంగు మాత్రం ముదురుది. లేత రంగులు పసుపు మరకకి తట్టుకోవు, మన వంటింట్లో ఏ బ్రాండయినా సరే.

అన్ని కుటుంబాలూ ఒక్కలా ఉండవని కూడా చెప్పాలి. ఆదిత్య బిర్లా కంపెనీ సంగతి చూడండి. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, ఆలెన్ సాలీ, పీటర్ ఇంగ్లండ్, నాలుగూ ఒకే గూటివి. చొక్కాల్లో మెట్లు తెలుస్తూనే ఉంటాయి. లూయీ ఫిలిప్ పై మెట్టు, పీటర్ ఇంగ్లండ్ అందరికీ అందేది. కానీ చొక్కా గుడ్డ నేసేది, టీషర్టు గుడ్డ అల్లేది. రెండూ వేరు వేరు పనులు, వేరు వేరు మిషన్లు. చొక్కాల్లో పేరు గొప్పది కాబట్టి పైజమా కూడా గొప్పగా ఉంటుందనుకోవడానికి వీల్లేదు. ఆ ఇంట్లో లోదుస్తుల, ఇంటి దుస్తుల వ్యాపారం 2016లో వాన్ హ్యూసెన్ పేరు మీద మొదలుపెట్టారు. అందుకని ఇంట్లోకి కావలసినవి ఆ పేరులో ముందు చూడాలి, ధర ఎక్కువ ఉన్న పేరులో కాదు. జాకీది ఇంకో దారి. 1935లో షికాగోలో మొదటి బ్రీఫ్ అమ్మిన కంపెనీ అది. లోదుస్తుల నుంచి బయల్దేరి పై దుస్తులకి వచ్చింది. అల్లిక గుడ్డ దాని పుట్టింటి విద్య.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఈ అక్కచెల్లెళ్ళ గొడవ అక్కడా చూసే ఉంటారు. గ్యాప్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది, దాని చెల్లెలు ఓల్డ్ నేవీ 1994లో. అక్కడా చెల్లెలే చవక. అమెరికన్ ఈగిల్ పద్ధతి వేరు. 1977లో పుట్టిన ఆ బ్రాండు జీన్సుకి పేరు. 2006లో దానికి చెల్లెలుగా ఏరీ వచ్చింది, లోదుస్తులకీ ఇంటి దుస్తులకీ అని. ఇక్కడ చవకా ఖరీదూ తేడా కాదు, పని తేడా. బయటికి అక్క, ఇంట్లోకి చెల్లి అని కంపెనీయే పంచేసింది. ఏరీ 2014 నుంచి తన మోడళ్ళ ఫొటోలని కంప్యూటర్లో దిద్దడం మానేసింది. ఫొటో చూసి బట్ట కొనే ఈ రోజుల్లో అది మెచ్చుకోవలసిన పని. మన కంపెనీలు నేర్చుకుంటే బాగుండును.

సైజుల దగ్గర కొంచెం జాగ్రత్త. ఒకే కంపెనీ కదా, అక్క దగ్గర మీడియం సరిపోతే చెల్లెలి దగ్గరా మీడియమే అని చూడకుండా తెచ్చుకోకండి. దుకాణం మారితే కొలతలూ మారవచ్చు. అసలు మన దేశం వాళ్ళ ఒంటికి తగ్గ కొలతల పట్టికే చాలాకాలం లేదు. ఎక్స్ఎల్ అనీ ఎం అనీ అమెరికా, బ్రిటన్ కొలతలని దిద్దుకుని వాడుకుంటున్నాం. ఆ లోటు తీర్చడానికి కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్, ఇండియాసైజ్ అనే సర్వే తలపెట్టింది. 25 వేలమందికి పైగా మనుషుల్ని త్రీడీ స్కానర్లతో కొలిచే పని. అందుకు ఎంచుకున్న నగరాల్లో మన హైదరాబాదు ఒకటి. ఆ పట్టిక దుకాణాల్లోకి వచ్చేదాకా ట్రయల్ రూమే దిక్కు. ఇంటి దుస్తులు వేసి చూసేటప్పుడు అద్దం ముందు నిలబడటం కాదు, గొంతుకూర్చుని లేచి చూడండి. నడుము జారినా, వెనక కుట్టు బిగిసినా అది ఇంటి పనికి పనికిరాదు.

ఒక మినహాయింపు మాత్రం ఒప్పుకోవాలి. మే నెల ఎండల్లో రెంటచింతలలో ఉన్నవాళ్ళకి అక్కా వద్దు, చెల్లీ వద్దు. చేనేత లుంగీని మించిన లౌంజ్‌వేర్ నాకు ఇంతవరకు కనబడలేదు.

చివరగా ఒక మనవి. పండగకి ఇంటిల్లిపాదికీ బట్టలు కొంటాం. అమ్మకి చీర కొంటాం. ఆ చీర ఆవిడ ఏడాదికి నాలుగుసార్లు కడుతుంది. తక్కిన రోజులన్నీ తెల్లారి 5 గంటల నుంచి రాత్రి 10 దాకా, రంగు వెలిసిన నైటీలోనే ఉంటుంది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ గంటలు ఇంటి దుస్తుల్లో గడిపే మనిషికి అందరికన్నా నాసి గుడ్డ ఇస్తున్నాం. ఈసారి చీర ఖరీదులో కొంచెం తగ్గించి, జేబున్న మంచి కాటన్ నైటీలు రెండో, మెత్తటి పైజమా సెట్టు ఒకటో కొనండి. బీరువాలో దాచుకోనివ్వకండి. చీటీ చింపేసి, ఒకసారి ఉతికి, చేతికివ్వండి.